ఇంతెఖాల్ అయిందా అని అడిగితే

మొన్న మా మనవరాలు ఏదో ఆఫీసు కాగితం మీద చదవకుండానే సంతకం పెట్టబోతే చేతిలోంచి గుంజుకున్నాను. మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు చదివించాను. "ఈ ముసలమ్మకు అన్నిట్లో అనుమానమే" అని అది నవ్వింది. నవ్వుకోనీ. ఒక్క మాటను తప్పుగా అర్థం చేసుకుని నేను చేసిన పని దానికి తెలియదు. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. చెప్పుకున్నా తగ్గేది కాదని ఊరుకున్నాను. ఇప్పుడు రాస్తే తగ్గుతుందని కూడా అనుకోవడం లేదు.

ఇది నలభైల చివరి సంగతి. జహీరాబాద్ అప్పుడు బీదర్ జిల్లాలో ఉండేది. మా మామ తాలూకా కచేరిలో ముప్పై ఏళ్లు చప్రాసీగా చేశాడు. ఆయన పని పిలవడం. లోపల సాహెబు ఒక కాగితం తీయగానే ఈయన గడపలో నిలబడి ఆ మనిషి పేరూ, తండ్రి పేరూ, ఊరి పేరూ కలిపి మూడుసార్లు పిలవాలి. మూడో పిలుపుకు ఎవరూ "హాజర్" అనకపోతే ఆ మనిషి రానట్టే రాసేసేవాళ్లు. మొగుడంపల్లి నుంచో ఝరాసంగం నుంచో తెల్లవారకముందే బయలుదేరి వచ్చిన రైతు ఎక్కడో గోడ నీడన కునుకు తీస్తుంటాడని మామకు తెలుసు. అందుకని రెండో పిలుపు అయ్యాక కావాలని దగ్గు తెచ్చుకుని, కాసేపు ఆగి, అప్పుడు మూడోది పిలిచేవాడట. ఆయన గొంతు రైలు స్టేషను దాకా వినిపించేదని చెప్పుకునేవాళ్లు.

కొలువు దిగాక ఆయనకు వజీఫా వచ్చేది. ఇప్పుడు పింఛను అంటున్నదే అది. వజీఫా నాడు పొద్దున్నే గడ్డం గీయించుకుని, ఉతికిన ధోవతి కట్టి, తలకు రుమాలు చుట్టుకుని కచేరికి పోయేవాడు. ఇంట్లో నెలంతా జొన్నరొట్టె. ఆ ఒక్క నాడే వరి అన్నం. మా అత్త దాన్ని వజీఫా బువ్వ అనేది.

నేను ఆ ఇంటికి వచ్చేనాటికి నా చదువు రెండు జమాతులు. సర్కారు బడి కనుక ఉర్దూ చదువు. మూడో జమాతుకు పోకముందే మా నాయన మాన్పించాడు. తెలుగు అక్షరాలు చాలా ఏళ్ల తర్వాత నా పిల్లల పలకల మీద చూసి నేర్చుకున్నాను. అత్తగారింట్లో ఎవరికీ అక్షరం రాదు. మామ వేల పేర్లు పిలిచాడు గానీ అన్నీ చెవితో పట్టినవే. మా ఆయన రైలు పట్టాల మీద గ్యాంగు పనికి పోయి పదిహేను రోజులకోసారి ఇంటికి వచ్చేవాడు. కాబట్టి ఆ రెండు జమాతులకే ఇంట్లో నా మాటకు బరువుండేది. ఆ బరువు నాకు నచ్చేది. అది కూడా రాయాలి.

నిజానికి మా వీధిలో కాగితం చదవవలసిన మనిషి నేను కాదు. పక్కింట్లో కొలువు దిగిన ఉర్దూ పంతులు ఉండేవాడు. అందరం మాస్టర్ సాబ్ అనేవాళ్లం. ఎవరికి ఏ కాగితం వచ్చినా ఆయన అరుగు మీదికే పోయేది. కానీ రాజ్యం మారింది. ఆ నెలల్లో మా వైపు జరిగినవన్నీ ఇక్కడ రాయను. మా వీధిలో చాలా తలుపులకు తాళాలు పడ్డాయి. మాస్టర్ సాబ్ ఒక పొద్దున ఒక్క సంచితో పట్నంలో ఉన్న బిడ్డ దగ్గరికి వెళ్లిపోయాడు. పోతూ తాళంచెవి మా అత్త చేతిలో పెట్టాడు.

వజీఫా తీసుకునే ముసలివాళ్లు అప్పుడు మా అరుగు మీద చేరేవాళ్లు. కొత్త సర్కారు ఏం చేస్తుందో ఎవరికీ తెలియదు గనుక అందరూ చెప్పేవాళ్లే.

"పాత సర్కారు నౌకర్లకు కొత్త సర్కారు ఎందుకిస్తదే? మనమేమన్న వాళ్లకు చాకిరి చేసినమా?"

"ఇయ్యదట. బీదర్ల ఖజానకు తాళమేసి సీలు గొట్టిన్రట."

"గట్ల కాదు. ముసలోళ్లందర్ని నిలవెట్టి, సగం మందికే ఇస్తరట."

"ఏ సగం?" అన్నాడు మామ. "నడుముకు పై సగమా, కింది సగమా? గది అడిగి రాపోయినవ్?"

అందరూ నవ్వారు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

తర్వాత ఒకనాడు కచేరి నుంచి వజీఫాదారులందరికీ తలా ఒక అచ్చు కాగితం వచ్చింది. కింద వేలిముద్ర వేసి నెలలోపల తిరిగి ఇవ్వాలి. తెచ్చినవాడు అంతే చెప్పి వెళ్లిపోయాడు. మామ కాగితాన్ని నా చేతికిచ్చాడు. అరుగు మీద ముసలివాళ్లంతా నోళ్లు మూసుకుని నా వైపు చూశారు. నేను కొంగు సర్దుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పైవరుస చదివాను. వజీఫా అని ఉంది. దర్ఖాస్తు అని ఉంది. ఆ రెంటికీ నడుమ ఇంతెఖాల్ అని ఉంది.

ఆ మాట నాకు తెలుసు. రెండేళ్ల కిందట మాస్టర్ సాబ్ భార్య పోయినప్పుడు, వాకిట్లో నిలబడ్డ ఆడవాళ్లు వచ్చినవాళ్లందరితో "ఇంతెఖాల్ హోగయా" అని ఏడ్చారు. ఆ రోజంతా వాళ్లింటికి నీళ్లు మోసినదాన్ని నేనే. ఆ మాట అంతకు ముందు గానీ తర్వాత గానీ ఇంకెక్కడా వినలేదు.

"సావు అని ఉన్నది మామా" అన్నాను. "సావు దర్ఖాస్తు. ఏలిముద్ర ఏసి ఇయ్యాల్నట."

"సక్కగ సూడు బిడ్డా."

"సక్కగనే సూసిన. ఇంతెఖాల్ అనే ఉన్నది."

మామ కాగితాన్ని నా చేతిలోంచి తిరిగి తీసుకున్నాడు. పక్కనున్న మాజీ పోలీసు జవాను గొణిగాడు. "బతికున్నోనితోటే సావు రాయించుకుంటరా! సచ్చినమని మనమే ఒప్పుకుంటే ఇంక ఇచ్చే పనే ఉండది. సూడు ఎంత ఉపాయమో."

"ముప్పయ్యేండ్లు లోకాన్ని హాజర్ అనిపిచ్చిన" అన్నాడు మామ. "ఇయ్యాల నేను లేనని నేనే రాసియ్యాల్నా? నా బొటనేలు ఇయ్య. ఏం జేస్కుంటరో జేస్కోమను."

కాగితం మడిచి ఇంటికప్పు వాసాల నడుమ చెక్కాడు. ఆ సాయంత్రానికే నా చదువు బజారంతా పాకింది. రాయికోడ్ వైపు వజీఫాదారు ఒకాయన తన కాగితాన్ని పొయ్యిలో వేశాడని విన్నాం. ఎవరో ఇద్దరు మాత్రం భయపడి వేలిముద్ర వేశారు. వాళ్లను చూసి మిగిలినవాళ్లు జాలిపడ్డారు.

నెల దాటింది. వజీఫా నాడు మామ ఎప్పటిలాగే గడ్డం గీయించుకుని పోయి, వట్టి చేతులతో తిరిగివచ్చాడు. కొత్త ఖజానా పుస్తకాల్లో ఆయన పేరు లేదన్నారట. వేలిముద్ర వేసిన ఇద్దరికీ అందింది. అప్పుడైనా మాకు అనుమానం రావాలి. రాలేదు. వాళ్లకు ఇది ఆఖరుసారి ఇచ్చి పంపేశారని చెప్పుకున్నాం.

బువ్వ నాడు లేకుండా పోయింది. ఇల్లు నడిపేది నేను. అత్తకు చూపు మందగించింది, మామకు దగ్గు పట్టుకుంది. చాయ్‌లో పాలు మాన్పించాను. ఛాతీకి రాసే నూనె తగ్గించాను. బీడీలు దాచిపెట్టాను. మామ ఒక్కనాడూ అడగలేదు. మా అత్త మాత్రం ఒకసారి, "నీ చెయ్యి బండరాయే పిల్లా" అంది. "బండరాయి కాబట్టే ఇల్లు నిలవడ్డది" అన్నాను. ఆ రోజుల్లో నాకు మాటకు మాట వచ్చేది.

జొన్న కోతలయ్యాక మాస్టర్ సాబ్ తిరిగివచ్చాడు. గడ్డం లేకుండా వచ్చాడు. ఎవరూ ఏమీ అడగలేదు. అత్త తాళంచెవి ఇచ్చి, పొయ్యి మీది రొట్టె పెట్టింది. ఆయన తినడం అయ్యేదాకా ఆగి, మామ వాసాల్లోంచి ఆ కాగితం తీయించాడు.

మాస్టర్ సాబ్ చదివి, "మీరిది ఇయ్యలేదా?" అన్నాడు.

"సావు దర్ఖాస్తు ఎట్లిస్తం మాస్టర్ సాబ్?"

"ఎవరు చెప్పిన్రు సావని?"

మామ నా పేరు ఎత్తలేదు. నేనే, "ఇంతెఖాల్ అని ఉన్నది గద సాబ్" అన్నాను.

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. "బేటీ, ఇంతెఖాల్ అంటే ఒక తావు నుంచి ఇంకో తావుకు పోవుడు. పొలం ఒకరి పేరు మీదికెల్లి ఇంకొకరి పేరు మీదికి పోతే గూడ కచేరిల గదే మాట రాస్తరు. మనిషి పోతే, సచ్చిండు అని మొఖం మీద అనలేక మర్యాదకు గదే అంటం. ఈడ పాత ఖజానలకెల్లి కొత్త ఖజానలకు వజీఫాను మార్చుమని దర్ఖాస్తు. గంతే."

నేను వంగి ఆ పైవరుస మళ్లీ చదివాను.

"అయితే నేను సావలేదా?" అన్నాడు మామ.

"నీకు గప్పుడే ఎక్కడి సావు? నువ్వు ఇప్పటికీ పిలిస్తే బీదర్ల పలుకుతరు."

మామ నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. ఆ సాయంత్రమే వేలిముద్ర వేశాడు. ఆలస్యమెందుకైందో మాస్టర్ సాబ్ రెండు పేజీలు రాశాడు. వీధిలోని మిగిలినవాళ్ల కాగితాలూ ఆయనే రాసిపెట్టాడు. పొయ్యిలో వేసినాయన కాగితం సంగతి ఏమైందో నాకు తెలియదు.

వారాలు గడిచాయి. వజీఫా మార్పు మంజూరైందని చివరికి బీదర్ నుంచి ముద్రపడ్డ చీటీ వచ్చింది. దాన్నీ వజీఫా పుస్తకాన్నీ కచేరిలో చూపిస్తే మళ్లీ మొదలవుతుంది. అప్పటికి మామ కాళ్లు వాచాయి. వాకిలి దాటలేకపోయాడు. నేనే పోతానన్నాను. మాస్టర్ సాబ్ నన్ను నిలబెట్టి చెప్పాడు. "ఇంతెఖాల్ అయిందా అని అడుగుతరు. భయపడకు. జీ, హోగయా అను. చీటి చూపియ్యి."

దారి పొడుగునా ఆ మాటే అనుకుంటూ పోయాను. ఈసారి తప్పకూడదు. కచేరిలో గుమాస్తా కొత్తవాడు, వేరే జిల్లా నుంచి వచ్చినవాడు. నేను పుస్తకం ముందు పెట్టాను. ఆయన పేరు చూసి, తలెత్తి నా వెనక చూశాడు.

"మనిషేడి?"

"రాలేదు సాబ్. నేను కోడల్ని."

గుమాస్తా గొంతు తగ్గించాడు. "ఇంతెఖాల్ హోగయా?"

"జీ, హోగయా" అన్నాను, గట్టిగా.

"ఎప్పుడు?"

"పదిహేను రోజులైంది సాబ్." చీటీ మీది తారీఖు నుంచి లెక్కేసి చెప్పాను.

ఆయన నాలుకతో చప్పుడు చేశాడు. ఇన్నాళ్లు ఆలస్యమైనందుకు జాలిపడుతున్నాడనుకున్నాను. పుస్తకంలో ఎర్ర సిరాతో ఒక గీత గీసి ఏదో రాసి, నా వైపు తిప్పాడు. వేలిముద్ర వేయమన్నాడు. నాకు దస్కత్ వచ్చన్నాను. ఆయన రాసింది గొలుసు రాత, నాకు అందలేదు. అందనిదాని కింద నా పేరు ఉర్దూలో ముచ్చటగా రాశాను. పుస్తకం ఆయనే ఉంచుకున్నాడు. కొత్తది ఇస్తాడనుకుని, ఆయన అడగని చీటీని కొంగులోనే ముడేసుకుని ఇంటికి వచ్చాను. అయిపోయింది మామా, వచ్చే నెల నుంచి వస్తుంది అని చెప్పాను.

వచ్చే నెల మాస్టర్ సాబ్ పోయి అడిగాడు. తిరిగివచ్చి ఇంట్లోకి రాకుండా నన్ను బావి దగ్గరికి పిలిచాడు.

"బేటీ, ఆడ నువ్వేమన్నవ్?"

మీరు చెప్పిందే అన్నానన్నాను. ఆయన బావి గట్టు మీద కూర్చుండిపోయాడు. గుమాస్తా అడిగింది వజీఫా గురించి కాదు, మనిషి గురించి. ముసలాయన రాలేదు, కోడలు ఒంటరిగా పుస్తకం పట్టుకుని వచ్చింది, ఇంకేమనుకుంటాడు? పుస్తకంలో మామ పేరు పక్కన మర్హూం అని ఉంది. కాలం చేశాడని. దాని కింద నా దస్కత్ ఉంది.

"ఆ మాట నేర్పింది నేనే" అన్నాడు మాస్టర్ సాబ్. మామతో మాత్రం గుమాస్తా పొరపాటున ఎవరి గీతో ఈయన పేరు మీద గీశాడని చెప్పాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. కాదనలేదు.

దిద్దాలంటే మనిషి సాహెబు ముందు నిలబడాలన్నారు. ఎడ్లబండి అడిగి తెచ్చి, చొప్ప పరిచి, మామను పడుకోబెట్టాం. అత్త ఆయన తల కదలకుండా పట్టుకుంది. మామ రుమాలు చుట్టమన్నాడు. చుట్టుకునే బలం లేకపోతే నేనే చుట్టాను.

కచేరి గడపలో కొత్త చప్రాసీ నిలబడి మామ పేరు పిలిచాడు. తండ్రి పేరు లేదు, ఊరి పేరు లేదు. మెల్లగా, ముక్కులో గొణిగినట్టు.

"ఏందిరా గది?" అన్నాడు మామ బండిలోంచి. "కొత్త పెండ్లాన్ని పిలుస్తున్నవా? జర పొట్టలకెల్లి పిలువు!"

"నువ్వెవరు తాతా?"

"నువ్వు పిలిచినోన్ని. గట్ల పిలిస్తే నేను పలుక."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మామ నా భుజం పట్టుకుని దిగి, తాను ముప్పై ఏళ్లు ఆనుకున్న తలుపుచట్టం పట్టుకున్నాడు. బయటికి తిరిగి, తన పేరూ, తండ్రి పేరూ, ఊరి పేరూ కలిపి పిలిచాడు. ఆ ఒంట్లో ఆ గొంతు ఎక్కడ దాచుకున్నాడో. రెండోసారి పిలిచాడు. అలవాటుగా ఆగాడు. ఈసారి దగ్గు తెచ్చుకోవలసిన పని లేదు, అదే వచ్చింది, చాలాసేపు పోలేదు. జనం నవ్వడం మానేశారు. మూడోసారి పిలిచి, లోపలికి తిరిగి, గడప దాటి, "హాజర్, సర్కార్" అన్నాడు.

సాహెబు గుమాస్తాను అడిగాడు. "ఈయన సచ్చిండని ఎవరు చెప్పిన్రు?"

గుమాస్తా పుస్తకం తెరిచాడు. "ఈమెనే సాబ్. దస్కత్ గూడ ఉన్నది."

మామ నా వైపు తిరిగాడు. నేను కింది బండలను చూశాను.

"నేనే చెప్పి పంపిన సాబ్" అన్నాడు మామ. "ముసలితనం. ఒకటి అనవోయి ఇంకొకటి అన్న."

"నువ్వు సచ్చినవని నువ్వే చెప్పి పంపినవా?"

"ఔ సాబ్."

సాహెబు నవ్వి, ఏదో రాసి, బీదర్‌కు పంపుతామన్నాడు. హుకుం వచ్చేదాకా ఆగమన్నాడు.

బండిలో మామ కళ్లు మూసుకున్నాడు. నేను చెప్పబోయాను. "మామా, నేను..." అన్నాను. ఆయన చెయ్యి కొంచెం ఎత్తి దించాడు. రైలు స్టేషను దాటాక, "అందర్ని పిలిచిన గని, నా పేరు నేనెన్నడు పిలుసుకోలే" అన్నాడు.

ఇంటికి వచ్చాక అడిగాడు. "ఇయ్యాల బువ్వ వండుతరా?"

కచేరికి పోయివచ్చాడు కదా. ఆయన లెక్కలో అది బువ్వ నాడు.

"వజీఫా రాలే గద మామా. వచ్చినంక వండుత" అన్నాను. రొట్టె వేడినీళ్లలో నానబెట్టి ఇచ్చాను. మాస్టర్ సాబ్ ఇంట్లో బియ్యం ఉన్నాయని నాకు తెలుసు. గిన్నె పట్టుకుని పోతే దోసెడు పోసేవాడు. చెయ్యి చాపడం ఇష్టం లేక పోలేదు. మామ రొట్టె సగం తిని, బాగుందన్నాడు.

తొమ్మిదో నాడు పోయాడు. మూడో రోజు పిట్టకు పెట్టడానికి బియ్యం కావాలి. అప్పుడు గిన్నె పట్టుకుని పక్కింటికి పోయాను. ఆ ఏడు మా పొయ్యి మీద వరి అన్నం ఉడికింది ఆ ఒక్కనాడే. కాకి చాలాసేపటికి గానీ దిగలేదు. మా అత్త నా వైపు చూడకుండా ఆకాశం వైపు చూస్తూ కూర్చుంది.

నెల తర్వాత హుకుం వచ్చింది. ఈసారి నేను ముందు చదవలేదు. మాస్టర్ సాబ్ చేత చదివించి, తర్వాత నేనూ చదివాను.

"ఏమున్నది పిల్లా దాంట్ల?" అంది అత్త.

"మామ బతికే ఉన్నడని రాసిన్రు."

అత్త ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుని వేళ్లతో తడిమింది. "ఊకె ఉందాం" అంది మెల్లగా. "ఆయన గురించి మంచి ముచ్చట రాసిన్రు. కొన్నాళ్లు గట్లనే ఉండనియ్యి."

ఉండనివ్వలేదు. లేని మనిషి పేరు సర్కారు పుస్తకంలో బతికించి ఉంచడం నాకు చేతకాదు. మర్నాడు కాగితం పట్టుకుని కచేరికి పోయాను. అదే గుమాస్తా. నన్ను చూడగానే గుర్తుపట్టాడు. నా వెనక చూశాడు. కలం చేతిలోకి తీసుకుని, రాయకుండా ఆగాడు.

"ఇంతెఖాల్?" అన్నాడు. "ఖజానదా, మనిషిదా? సక్కగ చెప్పు."

"మనిషిది" అన్నాను.

ఆయన ఎర్ర సిరా బుడ్డి మూత తీశాడు.